అలసిన ఇనుము

సూరత్‌లో మా ల్యాబ్ సారు ఎక్స్‌రే మిషన్‌లో పెట్టే ప్రతి లోహపు ముక్కనూ ముందు తన చేతిరుమాలుతో తుడిచేవారు. "నొప్పి చెప్పుకునేటందుకు దీనికి నోరు లేదు గదా," అనేవారు.

సారు వాళ్లన్న అదే ఊళ్లో డిండోలి పేటలో మరమగ్గాల కార్మికుడు. ఒకరోజు విరిగిన మగ్గం షాఫ్టు తెచ్చాడు. అతని అజాగ్రత్తతోనే విరిగిందని సేఠ్ పని మాన్పించాడట. ఎక్స్‌రే గీసిన గీతల్లో మాత్రం లోపలి పరమాణువుల వరుసలు ఎన్నాళ్లుగానో చెదురుతూ వచ్చినట్టు తేలింది.

"నీ తప్పు లేదన్నా. రోజూ గదే తిరుగుడు. ఇనుము లోపల ఎన్నడో అలిసిపోయింది. సేఠ్‌కు నేనే చెప్త."

అన్న బల్లకు ఒరిగాడు. "గట్లనా? మరి నన్ను గూడ జర అండ్ల పెట్టి చూడు తమ్మీ."

సారు మిషన్ ఆపి, అదే రుమాలుతో అన్న తలకు అంటిన దారప్పీచు మెల్లగా తుడిచారు.