సున్నం పూసిన చింతగింజ

మా వదినె పోయింది. ముసురు పట్టిన రోజుల్లో జ్వరమొచ్చి, సంగారెడ్డి దవాఖానకు తీసుకుపోదామని బండి కడుతుండగానే కన్ను మూసింది. ఆమె నా భర్తకు అక్క. పటాన్‌చెరు చుట్టుపక్కల మన క్రైస్తవ సంఘాల్లో చాలామందికి ఆమె ఉపదేశిగారి భార్యగానే తెలుసు. నాకు తెలిసిన మనిషి వేరు. ఆమె గురించి నాలుగు మాటలు రాయకపోతే నా మనసు ఒకచోట నిలిచేటట్టు లేదు. రాసినా నిలుస్తుందన్న నమ్మకం లేదు.

ఆమె భర్త ఉపదేశి; లక్డారం, ఇస్నాపూర్ వైపు ఊళ్ళన్నీ కాలినడకన తిరిగి వాక్యం చెప్పేవాడు. నాకు వరసకు అన్న. వదినె వెనకాల కూర్చుని వినేది. చదువు రాదు. రజాకార్ల గొడవలు అణిగాక ఆయన పోయాడు. వదినె ఒక రేకుపెట్టె, ఎర్రబట్టలో చుట్టిన ఆయన బైబిలు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఒకరోజు నేను బియ్యం చెరుగుతుంటే పక్కన కూర్చుంది.

"పిల్లా, నాకు అక్షరాలు నేర్పు."

"ఇప్పుడెందుకు వదినె? నేను చదివి వినిపిస్త గద."

"వినుడు అయిపోయింది. ఇన్నేండ్లు మీ అన్న నమిలి పెడితే తిన్న. ఇగ నా పండ్లు ఉన్నన్ని రోజులన్న నేనే నములుకుంట."

పిల్లల పాత పలక మీద మొదలుపెట్టాము. ఒత్తుల దగ్గర చాలా కాలం ఆగిపోయింది. కోపమొస్తే పలక బోర్లించి లేచిపోయేది, మళ్ళీ తానే వచ్చేది. చివరికి బైబిలు తెరిచిన రోజు ఆయన కళ్ళద్దాలు పెట్టుకుంది. కాసేపటికి తీసి పక్కన పెట్టింది. "ఆయన అద్దాలల్ల అక్షరాలు ఈదుతున్నయి. నా కండ్లే నయం" అంది.

ఆదికాండం మొదటి మాట నుంచి, ఆ కథలు ఎన్నడూ విననట్టే చదవసాగింది. చదివేముందు నాకూ ఒక మాట చెప్పేది. "నీకు తెలిసిందంత చెప్పులతోపాటు గడప బైట ఇడిసి రా. పోయేటప్పుడు కావాల్నంటే తొడుక్కో, ఎవ్వలు ఎత్తుకపోరు."

ఆమెకు చదవడం వచ్చింది కానీ రాయడం సరిగా రాలేదు. అందుకని ఒక పద్ధతి పెట్టుకుంది. మనవాళ్ళు చెప్పుకునే మాటల్లో ఏదైనా పుస్తకంలో కనబడకపోతే ఒక చింతగింజ తీసి ఇత్తడి గిన్నెలో వేసేది. తర్వాత ఎక్కడైనా కనబడితే ఆ గింజ తీసేసేది. ఏ గింజ ఏ మాటదో ఆమెకే తెలుసు. ఆదిలోనే, హవ్వ తిన్నది సేపుపండు, అంటే ఆపిల్ పండు, అన్న మాటకు ఒక గింజ పడింది. "పండని ఉన్నది. పేరు లేదు. సేపుపండు మనం పటంల చూసిందే" అంది. మాట్లాడిన గాడిద కథ పిల్లల్ని నవ్వించడానికి తన భర్త కల్పించాడని అనుమానపడి ముందుగానే గింజ వేసి పెట్టుకుంది. ఆ అధ్యాయం వచ్చిన రోజు నవ్వుతూ తీసేసింది. "పాపం, ఆయన అబద్ధమాడిండనుకున్న."

తూర్పుదేశపు జ్ఞానుల దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ గింజ. మా ఊళ్ళో క్రిస్మస్ నాటకంలో ఆ ముగ్గురి వేషాలకు ప్రతిసారీ తగువే. "కానుకలు మూడున్నయి. మనుషులు ఎందరో లేదు" అంది వదినె.

నా భర్త ఊరుకోలేదు. "అక్కా, అయితే ఈసారి ఊరోళ్ళందరిని జ్ఞానులనే చేద్దం."

"అందరిని చేద్దం. నువ్వు మాత్రం గొర్రెల కాడనే ఉండు."

ఇట్లా నవ్వుకునేవాళ్ళం. కానీ ఆ గిన్నెలో ఒక గింజ ఉండేది. దానివైపు చూసినప్పుడల్లా నా నవ్వు ఆగిపోయేది. ఆ గింజకు ఆమె తన ఆకువక్కల పెట్టెలోని సున్నం పూసి పెట్టింది. అది నా బిడ్డది.

నా తొలిచూలు ఆడపిల్ల పురిటిలోనే పోయింది. అప్పట్లో పాదిరిగారు మా ఊళ్ళకు ఏడాదిలో ఎప్పుడో ఒకసారి వచ్చేవారు. బాప్తిస్మం వారే ఇవ్వాలి, ఉపదేశికి అధికారం లేదు. వారు వచ్చేదాకా పాప ఆగలేదు. బాప్తిస్మం లేని బిడ్డను సమాధుల దొడ్డిలో పెట్టరాదని, అట్లాంటి పిల్లలకు పరలోకం లేదని చెప్పి పాపను ముళ్ళకంచె బయట పూడ్పించినది వదినె భర్తే. వాక్యంలో ఉన్నదన్నాడు. ఎక్కడున్నదని ఎవరూ అడగలేదు. అప్పటి నుంచి నేను ప్రార్థనకు కళ్ళు మూసుకున్నప్పుడల్లా ఆ కంచె కనబడుతూనే ఉంది.

హైస్కూలు చదివినదాన్ని, నేనే వెతకవచ్చు గదా అని మీరు అనుకోవచ్చు. నాకు భయం. నిజంగా రాసి ఉంటే? వదినె ఆ భయాన్ని తన మీద వేసుకుంది. "ఆనాడు ఆయన చెప్పిండు, నేను తలూపిన. రాసున్నదో లేదో నేనే చూడాలె" అంది. ఆమె ఒక్కో పుట తిప్పుతుంటే నాకు పనిలో చెయ్యి నిలిచేది కాదు. పొయ్యి మీద ఎసరు మరిగి మరిగి ఇంకిపోయేది. మధ్యలో ఒకసారి ఆగలేక అడిగాను.

"ఇంతవరకు ఏమన్న కనబడ్డదా, వదినె?"

"చివరిదాక పోనియ్యి. నడుమల చెప్తే నేను గూడ ఉపదేశినే అయిత."

గింజల సంగతి సంఘపెద్ద చెవిన పడింది. ఆయన మంచివాడు. ఎవరికి జ్వరమొచ్చినా ముందు వచ్చి ప్రార్థన చేసేవాడు. అరుగు మీద కూర్చుని అడిగాడు.

"అక్కా, చింతగింజలతోటి వాక్యాన్ని తూకమేస్తున్నవట?"

"వాక్యాన్ని గాదు తమ్మీ, మన మాటలను. నీకు తెలిసినకాడ చూపెట్టు, ఇప్పుడే గింజ తీసేస్త."

"అన్ని రాసుంటయా? పెద్దలు పెట్టినయి కొన్ని ఉంటయి."

"అట్లనే చెప్పుండ్రి మరి. పెద్దలు పెట్టిండ్రని చెప్పుండ్రి. దేవుని మీద ఎందుకు ఏసుడు?"

ఆయన చాయ సగంలో వదిలేసి పోయాడు.

ఈ ఎండాకాలంలో వదినె చివరి పుట ముగించింది. నేను పప్పులో రాళ్ళు ఏరుతున్నాను. బైబిలు మూసి, "అయిపోయింది పిల్లా" అంది. ఆమె చెయ్యి గిన్నెవైపు పోతుందేమోనని చూశాను. పోలేదు.

"బాప్తిస్మం లేని పసిబిడ్డ ఎటు పోతదో రాసిలేదు. కంచె సంగతి అసలే లేదు."

"అయితే నా బిడ్డ మంచిగనే ఉన్నదా?"

"అది గూడ నీ బిడ్డ పేరు పెట్టి రాసిలేదు. నీకు అబద్ధం చెప్ప." మూసిన బైబిలు మీద చెయ్యి పెట్టి మళ్ళీ అంది. "దావీదు రాజు తన బిడ్డ పోయినప్పుడు, వాడు నా కాడికి రాడు, నేనే వాని కాడికి పోత అన్నడు. యేసుసామి తల్లులు తెచ్చిన పిల్లలను ఎత్తుకున్నడు. ఎత్తుకునేముందు బాప్తిస్మం అయ్యిందా అని అడిగినట్టు లేదు. నాకు కనబడ్డది ఇంతే. తక్కింది నువ్వు చదువుకో. నీకు దొరికిననాడు గింజ తియ్యి."

ఆ రోజు నాకు ఓదార్పు కావలసి ఉండింది. ఆమె తన దగ్గర ఉన్నదే ఇచ్చింది, లేనిది కలపలేదు. కొన్నాళ్ళకు ఒక్క కోరిక మాత్రం కోరింది. తనను భర్త పక్కన కాదు, కంచె బయట పాప పక్కన పెట్టమంది.

ఆమె పోయిన రోజు సంఘపెద్ద అడ్డం నిలిచాడు. "ఉపదేశిగారి భార్య కంచె బైట పండుకుంటే ఊరేమంటది?"

"ఆమె అడిగింది" అన్నాడు నా భర్త. సన్నగా వాన పడుతూనే ఉంది. చివరికి పెద్దే కంచె ఒకచోట తొలగించాడు. ఆ సందులోంచి వదినెను బయటికి మోసుకుపోయారు.

వానలు వెలిశాక తుమ్మకంప కొట్టి కంచె కొత్తగా వేసుకోవడం మా సంఘంలో ప్రతి ఏటా ఉన్నదే. పోయిన ఆదివారం ప్రార్థన అయ్యాక మగవాళ్ళు గడ్డపారలు పట్టుకుని వెళ్ళారు. నేను దూరంగా నిలబడ్డాను. సంఘపెద్ద పాత గుంజల వరస దాటి, వదినె సమాధి దాటి, పాపను పెట్టిన చిన్న దిబ్బ కూడా దాటి అవతల గడ్డపార దించాడు. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు.

"బర్రెలు వచ్చి తొక్కుతున్నయమ్మా. అందుకే."

"మంచిది పెద్దయ్యా" అన్నాను.

ఇంటికి వచ్చి చేతులు కడుక్కుని నేరుగా గిన్నె దగ్గరికి పోయాను. సున్నం పూసిన గింజ వేళ్ళతో పట్టుకున్నాను. పైకి తీసే వేళకు, దొరికిననాడు తియ్యి అన్న వదినె మాట గుర్తొచ్చింది. కంచె జరిపింది మనుషులు. నేను ఇంకా చదవలేదు. గింజను మళ్ళీ గిన్నెలోనే పెట్టి, ఎర్రబట్ట విప్పి, చెప్పులు గడప బయట ఉన్నాయో లేదో ఒకసారి చూసుకుని కూర్చున్నాను. మొదటి పుట తిప్పినప్పుడు దాని అంచుకు నా వేలి సున్నం తెల్లగా అంటుకుంది.