డిస్కులకు బొట్టు పెట్టిన మేస్త్రి

తిరువూరులో మా కాలేజీ సర్వర్లను చూసుకునేది నేనే. మూడు పెట్టెలు, పెట్టెకు నాలుగు డిస్కులు. ఏ సమాచారమైనా రెండు పెట్టెల్లో ఉంటుంది కాబట్టి ఒకటి పడుకున్నా మిగతా రెండూ పని నడిపిస్తాయి. ఈ సంగతి మా యజమానికి ఎంత గొప్పగా చెప్పానంటే, మూడూ ఒకేసారి పడుకోవచ్చని నాకే తోచలేదు.

దసరా సెలవులయ్యాక వచ్చి చూస్తే మూడింటికీ ఎర్ర దీపాలు. ప్రతి డిస్కుకూ పసుపు, దాని మీద కుంకుమ బొట్టు. చివరి ఏడాది పిల్లల ప్రాజెక్టు మార్కులన్నీ వాటిలోనే ఉన్నాయి. వాటికి విడిగా కాపీ తీసి దాచడం నా పని. వేసవి నుంచి రేపు తీద్దాం, రేపు తీద్దాం అనుకుంటూనే ఉన్నాను.

యజమానికి రైసుమిల్లు కూడా ఉంది. ఆయుధపూజకు ఆయన యంత్రాలన్నిటినీ తుడిచి బొట్టు పెట్టేది మిల్లులోని ముసలి మేస్త్రి. ఈసారి మా గది తాళం కూడా ఆయనకే ఇచ్చారట. కబురు పెడితే ఇద్దరూ వచ్చారు.

"ఏం చేశావయ్యా మేస్త్రీ?" అన్నారు యజమాని.

"మిల్లులో చేసేదేనండి. ఆపేసి, విప్పి, తుడిచి, అటుదిటూ ఇటుదటూ మార్చాను. రబ్బరు రోలర్లు ఒకటే అరిగిపోకుండా మారుస్తాం గదండీ! మొదటి పెట్టెకి పనెక్కువని ఈ అమ్మాయిగారే ఓసారి చెప్పారు. అందుకని దానివి మూడోదాంట్లో పెట్టి, మూడోదానివి దీంట్లో పెట్టానండి."

సర్వర్ల మీద అంత దయ నేను కూడా ఏనాడూ చూపలేదు.

"రేపట్నించి మిల్లుకి రాకు," అన్నారు యజమాని. మేస్త్రి భుజం మీది తువ్వాలు తీసి చేతుల్లో నలుపుకున్నాడు. నిజం చెప్పొద్దూ, నిందంతా ఆయన మీదికి పోతుంటే నాకు హాయిగానే ఉంది.

"ఏది ఎక్కడిదో గుర్తుందమ్మా," అన్నాడు ఆయన నాతో. ఒక్కొక్కటీ తీసి ఇస్తుంటే నేను పాత చోట్లో పెట్టాను. పెట్టెలు లేచాయి. ఒక డిస్కు మాత్రం లేవలేదు, దానిలోని సరుకు రెండో పెట్టెలో ఉండబట్టి బతికిపోయాం. మధ్యాహ్నానికి మార్కులు కనిపించాయి.

అయినా యజమాని కోపం దిగలేదు. మేస్త్రి గుమ్మం దాటుతుంటే ఇక నావల్ల కాలేదు.

"సార్, కాపీ ఉండుంటే ఇంత కంగారే ఉండేది కాదు. వేసవి నుంచీ నేను తియ్యలేదండి. ఆయన్ని మానిపిస్తే నన్నూ మానిపించాలి."

ఆయన ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. "మేస్త్రీ, ఇట్రా. మిల్లు అయ్యాక రోజూ ఇక్కడికొచ్చి, ఈ అమ్మాయి కాపీ తీసిందో లేదో చూసి మరీ ఇంటికెళ్లు."

అప్పటి నుంచి సాయంత్రమయ్యేసరికి మేస్త్రి నా బల్ల ముందు ఉంటాడు. "అయిందామ్మా?" అంటాడు. కాలేదంటే స్టూలు లాక్కుని కూర్చుంటాడు. నిన్న జ్వరంతోనే వచ్చాడు. "అయిపోయిందండి, వెళ్లి పడుకోండి," అన్నాను.

"చూపించమ్మా," అన్నాడు.