ముప్ఫై అయిదేళ్ల అమ్మమ్మ

మొన్న అమలాపురంలో టీచర్లకి శిక్షణ పెట్టి, రిటైరైన నన్ను కూడా రమ్మన్నారు. ఓ కుర్రాడు తెర మీద బొమ్మలు వేస్తూ "బహుభాషా తరగతి, ఇంటి భాషకు గౌరవం" అని గుక్క తిప్పుకోకుండా చెబుతున్నాడు. నాకు నవ్వాగలేదు. "ఏమైందండీ మేడమ్?" అన్నాడు పాపం బెదిరిపోయి. అతను చెప్పేదంతా నిజమే. కాకపోతే ఆ పాఠం నాకు ఒకే ఒక్క మాటలో వచ్చింది. అది గుర్తొచ్చింది.

తొంభైల చివర్లో నేను పనిచేసిన బడి ఐ.పోలవరం అవతల, రొయ్యల చెరువుల మధ్య ఉండేది. పడమటి గాలికి మేత వాసన, తూర్పు గాలికి ఉప్పు వాసన. ఓ చెరువు కాపలాకి ఒరిస్సా నుంచి ఒక కుటుంబం వచ్చింది. తండ్రి ఏడేళ్ల పిల్లని తెచ్చి నా క్లాసులో కూర్చోబెట్టాడు. పిల్ల నోరు విప్పితే ఒట్టు! పలకరిస్తే కళ్లు పెద్దవి చేసి చూడటమే. "మూగపిల్లేమోనండీ టీచరుగారూ, మనకెందుకొచ్చిన గొడవండీ?" అన్నారు హెడ్మాస్టరుగారు. ఆ మాట తండ్రి చెవిన పడింది. మాట్లాడకపోతే బడి దండగ, గట్టు మీద తమ్ముడిని చూసుకుంటుందని తేల్చేశాడు. నాకు ఒళ్లు మండింది. ఒక్క నెల ఆగవయ్యా అని బతిమాలి ఆపాను.

మా వైపు సంగతి తెలిసిందే కదా. అవునండి అన్నా, చిత్తం అన్నా, ఉన్నానండి అన్నా అన్నింటికీ ఒకటే మాట, ఆయ్! హాజరు పిలిస్తే క్లాసంతా వరసగా ఆయ్, ఆయ్ అనేవారు. ఓ పొద్దున్న ఆ పిల్ల పేరు పిలిచేసరికి గొంతు చించుకుని "ఆయ్!" అంది. అబ్బ, నాకెంత సంబరమో! "మన మర్యాద అప్పుడే వంటబట్టేసిందండోయ్" అని హెడ్మాస్టరుగారూ మురిసిపోయారు. ఆ రోజు నుంచి పిల్ల నా చీర చెంగు వదల్లేదు. అఆలు దిద్దడం, పద్యం పాడటం, అన్నం నా పక్కనే కూర్చుని తినడం. గోదావరి గాలి మహిమ అనుకున్నాను నేను.

ఇంతలో ఎం.ఈ.ఓ.గారు తనిఖీకి వస్తున్నారని తెలిసింది. "ఆయ్ గీయ్ అంటే మొరటుగా ఉంటుందండీ. రేపట్నుంచి అందరిచేతా యెస్ మేడమ్ అనిపించండి" అని హెడ్మాస్టరుగారి హుకుం. అనిపించాను. పిల్ల మళ్లీ మూగబోయింది. మూడో రోజుకి బడికే రాలేదు. సాయంత్రం చెరువు గట్టు మీది పాకకి వెళ్తే, వాళ్లమ్మ వచ్చీరాని తెలుగులో నన్నే నిలదీసింది. "బడిలో ఆయ్ ఏమైంది? ఆయ్ లేదు, పోను అని పిల్ల ఏడుస్తుంది."

"ఆయ్ ఎవరమ్మా?"

"ఆయ్... మా అమ్మ. పిల్లకి అమ్మమ్మ. ఊళ్లో ఉండిపోయింది."

ఓరి భగవంతుడా! క్లాసు క్లాసంతా పొద్దున్నే నన్ను చూసి అమ్మమ్మా, అమ్మమ్మా అంటున్నారనుకుంది ఆ పిచ్చిపిల్ల. నాకప్పుడు ముప్ఫై అయిదేళ్లు, జడలో కనకాంబరాలు! ఫక్కున నవ్వాను గానీ, పాక మూల మోకాళ్లలో తల పెట్టుకున్న పిల్లని చూశాక ఏడుపొచ్చింది. తండ్రి మాత్రం ఇంక బడి లేదన్నాడు. "రేపొక్కరోజు పంపించమ్మా, ఆయ్ ఉంటుంది" అని తల్లి చేతులు పట్టుకుని చెప్పి వచ్చాను.

మర్నాడు ఎం.ఈ.ఓ.గారు కుర్చీలో ఉండగా హాజరు తీశాను. "మామూలుగానే పలకండర్రా" అన్నాను. ఆయ్, ఆయ్! పిల్ల వంతు వచ్చింది. చుట్టూ చూసి, నన్ను చూసి, మెల్లిగా "ఆయ్" అంది. ఎం.ఈ.ఓ.గారు మొహం చిట్లించి, "ఏమండీ హెడ్మాస్టరుగారూ, మీరు నేర్పిన మర్యాద ఇదేనాండీ?" అన్నారు. ఆయన కంగారులో చేతులు కట్టుకుని, "ఆయ్!" అనేశారు.

పిల్ల ఎం.ఈ.ఓ.గారి బుర్రమీసాల వంక తేరిపార చూసింది. తర్వాత హెడ్మాస్టరుగారికి నా వైపు వేలు చూపించి, అందరికీ వినపడేలా, "ఈయన ఆయ్ కాదు!" అంది. అది ఆ పిల్ల సొంతంగా మాట్లాడిన మొదటి తెలుగు వాక్యం.

సంగతి విని ఎం.ఈ.ఓ.గారు కళ్లద్దాలు తీసి తుడుచుకునేంత నవ్వారు. "మాది రాజోలండీ. మా అమ్మ పిలిస్తే నేనిప్పటికీ అలాగే పలుకుతానండీ. ఉండనివ్వండి" అన్నారు. ఆ సాయంత్రం హెడ్మాస్టరుగారే సైకిలేసుకుని గట్టు మీదికి వెళ్లి, "మీ పిల్ల తెలుగులో నన్నే వెక్కిరించిందయ్యా, బడి మాన్పించావో ఊరుకోను" అని తండ్రికి చెప్పి వచ్చారు.

చెరువులకి తెగులు వచ్చి ఆ కుటుంబం తరలిపోయేదాకా పిల్ల ఒక్కరోజూ బడి మానలేదు. ఇప్పుడు తనకి అప్పటి నా వయసు ఉంటుంది. నాకు మనవలొచ్చారు, జుట్టు నెరిసింది. ఆ పిల్ల ఎప్పుడో ముందే పిలిచేసింది. ఆ పిలుపు దాకా నడిచి రావడానికే నాకు ఇన్నేళ్లు పట్టింది.