డాక్టరమ్మ మీద పడ్డ తప్పు

మాత్రను సగానికి విరిచినప్పుడు టిక్కున చిన్న చప్పుడు వస్తుంది. గిద్దలూరులో మందుల షాపు నడిపే నాకు అది రోజూ వినపడేదే. అయినా విన్న ప్రతిసారీ మార్కాపురం సుశీలమ్మ డాక్టరమ్మ గుర్తొచ్చి తల దించుకుంటాను. ఆమె పోయి రెండేళ్లయింది. ఒక పిల్లను మందులతో చంపబోయిందని మా ఊళ్లో ఇప్పటికీ ఆమెను అంటారు. అది అబద్ధం. ఆ పిల్ల నా కూతురే.

సరిత ఇంటర్ చదివేటప్పుడు అన్నం మానేసింది. ఎముకలు తేలినా అద్దంలో తనకు తాను లావుగానే కనపడేది. దిష్టి తీయించాం, తాయెత్తు కట్టించాం. చివరికి డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాం.

"ఇది మొండితనం కాదు నాయనా, జబ్బు. అసలు మందు అన్నమే. పూటపూటా పక్కన కూర్చోని తినిపించండి. ఈ మాత్ర తిండంటే ఉండే భయాన్ని కొంచెం సడలిస్తాది, అంతే. రోజూ సగం నీ చేత్తోనే ఇయ్యి," అన్నది.

చీటీ చూడగానే నా కూతురికి పిచ్చిదన్న పేరొస్తుందని భయపడ్డాను. మతి చలించినవాళ్లకు నేను అమ్మే మాత్ర అది. చీటీ చదవడం రాని తండ్రికైతే మాత్ర మార్చే బుద్ధి పుట్టేది కాదు. నేను షాపులోంచి తెల్లటి బలం మాత్రలు తీసి, రోజూ ఒకదాన్ని సగం విరిచి ఇచ్చాను.

పిల్ల ఇంకా చిక్కిపోయింది. "మాత్ర ఇస్తాండావా?" అని డాక్టరమ్మ అడిగినప్పుడల్లా "ఇస్తాండా మేడమ్" అన్నాను. నమ్మి, ఆమె మోతాదు పెంచింది. ఒకరోజు సరిత కళ్లు తిరిగి పడిపోతే ఆసుపత్రిలో చేర్చాం. అక్కడ నర్సు చీటీలో ఉన్నట్టే, పెంచిన మోతాదులో అసలు మాత్ర ఇచ్చింది. మరునాటి సాయంత్రం దాకా పిల్ల కళ్లు తెరవలేదు.

డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచింది. "ఇన్నాళ్లు ఏమిచ్చినావు?"

"బలం మాత్ర."

లోపల మా బామ్మర్ది "ఏందమ్మా, పిల్లను చంపుతారా?" అని అరుస్తున్నాడు. ఆమె వెళ్లి, "మోతాదు నేనే ఎక్కువ రాసినా," అన్నది. తర్వాత నాతో, "మీరు మీరు కొట్లాడుకుంటే పిల్లకు అన్నం ఎవరు పెడతారు?" అన్నది.

అసలు మాత్ర మళ్లీ సగంతో మొదలైంది. పూటపూటా పక్కన కూర్చున్నాం. సరిత మెల్లగా తేరుకుంది. ఈలోగా డాక్టరమ్మ పిల్లను చంపబోయిందన్న బామ్మర్ది మాట ఊరూరా పాకి కొనకనమిట్ల దాకా పోయింది. షాపుకొచ్చినవాళ్లు "నిజమేనా అన్నా?" అంటే నేను అవునన్నట్టు తలాడించాను.

ఇది రాసే ముందు సరితకు అంతా చెప్పాను.

"నువ్వు బలం మాత్ర విరిచేది చూసినా నాయనా."

"మరి చెప్పలేదేందమ్మా?"

"బాగుపడాలంటేనే భయం నాకు. నాదంటే జబ్బు. నీకేమొచ్చింది?"

జవాబు నాకు తెలుసు. సరిత ముఖం చూసి చెప్పే ధైర్యమే ఇంకా రాలేదు.