బయట వేసిన గడియ

మాది ధర్మవరం. మా ఆయన పట్టుచీరలు నేస్తారు. తొమ్మిదేళ్ల మా పాపకు ఆటిజం, మాటలు రావు. మగ్గం చప్పుడు వింటూ అదే లయలో గోడ మీద తట్టడం దానికి ఇష్టం.

నిరుడు వేసవిలో ఇలాంటి పిల్లలకు క్యాంపు పెట్టారని విని, చూసొద్దామని పాపను తీసుకుని హిందూపురం వెళ్లాను. అక్కడంతా ఎంతో నిశ్శబ్దంగా ఉంది. నాకదే నచ్చింది.

"ఈడ పిల్లోళ్లు గలాటా చేయరక్కా" అంది టీచరు.

నేను ఫారం నింపుతుంటే పాప వెళ్లి, మూసి ఉన్న ఒక తలుపు మీద తన అలవాటు ప్రకారం తట్టింది. లోపలి నుంచి ఎవరో అదే లయలో తిరిగి తట్టారు. అప్పుడు చూశాను, గడియ బయట వేసి ఉంది.

"లోపల ఎవరుండారు?" అన్నాను.

"ఒక పాప. ఊరికే అరుస్తాండె. నెమ్మదైనాంక తీస్తాంలే."

ఫారం అక్కడే వదిలేసి, పాప చెయ్యి పట్టుకుని బయటికొచ్చేశాను. బస్సు పెనుకొండ దాటేదాకా దాని చెయ్యి వదల్లేదు. నా బిడ్డను కాపాడుకున్నాననే అనుకున్నాను. కానీ ఆ గడియ నా చేతికి అందేంత దగ్గరలోనే ఉండింది. నేను తీయలేదు.

ఇప్పటికీ మగ్గం ఆగినప్పుడల్లా పాప మా తలుపు మీద తడుతుంది. తర్వాత చెవి ఆనించి, జవాబు కోసం చాలాసేపు నిలబడుతుంది.