ముందు చక్రాలకు వంద కిలోలు

ఆ కరోనా చలికాలం జర్మనీలోని ఇల్మెనౌలో అన్నీ మూసేశారు. లైబ్రరీ, లాబ్, క్యాంటీన్, మనుషుల ముఖాల్లో సగం. వీసా పొడిగింపుకు టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరికినవాళ్లను పెళ్లి కుదిరినవాళ్లలా అభినందించేవాళ్లం. తెరిచి ఉన్నది ఒక్కటే, మా తెలుగువాళ్ల ఆన్‌లైన్ కారు పందేల లీగ్. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఎవరి గదిలో వాళ్లు కూర్చుని ఆడేవాళ్లం. పదకొండు మందిలో అమ్మాయిని నేనొక్కదాన్నే.

"మైక్ చెడిపోయిందా చెల్లెమ్మా?" అని మొదటివారం అడిగారు. అవునని చాట్‌లో టైపు చేశాను. ఆ ఒక్క అబద్ధం నాకు నాలుగు నెలల ప్రశాంతతనిచ్చింది.

లీగ్‌కు పెద్ద ఒక అన్న. బ్యోబ్లింగెన్‌లో, కార్ల సంస్థకు పనిచేసే ఆఫీసులో ఉద్యోగం కాబట్టి ఇంజిన్ల విషయంలో ఆయన మాటే వేదం. ఆయన పరీక్షించేది పార్కింగ్ సెన్సర్లనీ, అంటే కారు ఆగబోయేటప్పుడు మాత్రమే ఆయనకు దానితో పనుంటుందనీ ఎవరూ గుర్తుచేసేవాళ్లు కాదు.

ఆటలో ఒకే తరగతిలో మూడు రకాల కార్లుండేవి. ముందు చక్రాలు లాగేవి, వెనక చక్రాలు తోసేవి, నాలుగింటికీ బలం అందేవి. నాలుగు చక్రాలవి జెండా ఊపగానే దూకేస్తాయి. వెనక చక్రాలవి వానలో బొంగరాలు. ముందు చక్రాలది మలుపులో తొందరపడితే తిరగనని మొండికేసి గడ్డిలోకి పోతుంది. అందరికీ సమాన న్యాయం జరగాలని, గెలిచే రకానికి అదనపు బరువు పెట్టాలన్నది మా రూలు. ఎంత పెట్టాలో నిర్ణయించేది అన్న. అన్న నడిపేది నాలుగు చక్రాలది. దానికి బరువు పెడదామని ఎవరైనా అంటే, "నాలుగు చక్రాలకీ పవర్ పంపే సామానే బోలెడు బరువు కదా తమ్ముడూ, మళ్లీ ఎందుకు?" అనేవాడు. న్యాయమే మరి.

ఎవరికీ అక్కర్లేక మిగిలింది ముందు చక్రాలది. అది నాకొచ్చింది. మలుపుకు ముందే నెమ్మదించాలి, ఓపిక పట్టాలి, ముక్కు తిరిగాకే యాక్సిలరేటర్ నొక్కాలి. నోరు తెరవడానికి ముందు మూడుసార్లు ఆలోచించేదానికి ఇదేమీ కొత్త విద్య కాదు. ప్రతి పందెం గురించీ డైరీలో రాసుకునేదాన్ని. ఎవరు ఏ బండి నడిపారు, ఎన్నో స్థానం, ఎవరేమన్నారు.

ఒక ఆదివారం వాన ట్రాక్ మీద నేను గెలిచాను.

"లక్కు చెల్లెమ్మా!" అన్నారెవరో.

"లక్కు కాదురా, బండి," అన్నాడు అన్న. "వానలో ముందు చక్రాలకి మరీ అడ్వాంటేజ్. వంద కిలోలు పెడదాం. ఏమీ అనుకోకు చెల్లెమ్మా, ఇది పర్సనల్ కాదు."

పర్సనల్ కాకపోవడమే నా బాధ. నేను గెలిచిన ఒకే ఒక్క ఆదివారాన్ని బండి ఖాతాలో వేసేస్తున్నారు.

"అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పండి," అన్నాడు. డైరీ మూడు వారాలు వెనక్కి తిప్పి, మైక్ నొక్కాను.

"అన్నా."

"ఎవరది?"

"నేనే. ముందు చక్రాలు."

"అరే, మైక్ బాగైందిరా!" అని ఎవరో అరిచారు.

డైరీలోది చదివాను. "మూడు వారాల కిందట, ఇదే ట్రాక్, ఇదే వాన. సరదాకి మీరు నా బండి తీసుకున్నారు. పదకొండో స్థానం. 'ఇది బండి కాదురా, అలిగిన కొత్తల్లుడు, ఎటు తిప్పినా తిరగడు' అన్నారు."

ఎవరి గదిలోనో కుక్కర్ విజిల్ వేసింది.

"అన్నా, అల్లుడు నీ ఒక్కడి మీదే అలిగాడా?" అన్నారెవరో. అందరూ విరగబడి నవ్వారు.

"అదంతా రాసుకున్నావా?" అన్నాడు అన్న.

"అన్నీ రాసుకుంటాను."

"అన్నీనా?" ఈసారి గొంతు తగ్గింది.

వంద కిలోలు రద్దయ్యాయి. అన్న హుందాగా ప్రకటించాడు: "ఇంత బాగా రాస్తోంది కాబట్టి ఇకనుంచి చెల్లెమ్మే మన సెక్రెటరీ. పందెం జరిగేటప్పుడు టైములు రాస్తూ కూర్చుంటుంది."

దీనికంటే వంద కిలోలే తేలిక.

"టైములు ఆటే రాసుకుంటుందన్నా. నేను నడుపుతాను," అన్నాను.

తర్వాతి ఆదివారం ట్రాక్ పొడిగా ఉంది. నాకు నాలుగో స్థానం వచ్చింది.

"చూశావా, వాన లేకపోతే అంతే," అన్నాడు అన్న.

అదీ రాసుకున్నాను. దాని కిందే ఆయన స్థానం కూడా: ఐదు.