ఆరో అంతస్తులో బోరు కొట్టింది

మా ఊళ్లో బోరంటే ఒకటే బోరు, భూమికి వేసేది. నా మొగుడు బతికినన్నాళ్లూ బోరు బండి మీదే పనిచేశాడు. నీళ్లు పైకి చిమ్మితే "బోరు కొట్టింది" అని అరుచుకుంటూ వచ్చేవాడు. ఆ రోజు మా ఇంట్లో కోడికూర. ఆయన పోయాక నేను హైటెక్ సిటీకి వచ్చి, ఒక అద్దాల బిల్డింగులో ఆరో అంతస్తు ఆడవాళ్ల బాత్రూములు కడిగే పనిలో చేరాను.

కడగడం కష్టం కాదు, తలుపు తెరిపించడమే కష్టం. గంటకోసారి కడిగి గోడ మీది కాగితంలో టిక్కు పెట్టాలి. ఆడపిల్లలేమో ఫోను పట్టుకుని లోపలికి పోతే పోయినట్టే. బయట గిర్రున తిరిగే కుర్చీలు, మెత్తటి సోఫాలు అన్నీ వదిలేసి వచ్చి ఆ పింగాణీ మీద కూర్చుంటారు. బయట బకెట్‌తో నేను, కాగితం మీద టిక్కులు పడవు. రెండో వారంలోనే సూపర్‌వైజరు తేల్చేశాడు.

"ఇంకొక్క కంప్లైంట్ వస్తే తీసేస్త అమ్మా. ఇగ నాకేం చెప్పకు."

ఈ పని పోతే నాకు మరో దారి లేదు. రెక్కలే తప్ప చదువు లేనిదాన్ని.

అప్పుడు ఎండాకాలం. బిల్డింగు బోరు ఎండిపోయి, నీళ్లన్నీ ట్యాంకర్లతోనే వచ్చేవి. ఒక పొద్దున ఒక పిల్ల చాలాసేపటికి బయటికి వచ్చింది. కాలు తిమ్మిరెక్కి గోడ పట్టుకుని నడుస్తోంది.

"ఏం బిడ్డా, కడుపు నొస్తున్నదా?"

"లేదు ఆంటీ. బోర్ కొడుతోంది, అంతే."

"నిజంగనా! ఎప్పటి సంది?"

"పొద్దున్నుంచీ. మామూలుగా కాదు."

లిఫ్టు కోసం కూడా ఆగలేదు. ఆరు అంతస్తులూ మెట్లు దిగి సెల్లారులోకి ఉరికాను. సూపర్‌వైజరు ఫోనులో ఎవరిదో పెళ్లి డాన్సు చూస్తున్నాడు.

"సార్, బోరు కొడుతున్నదంట! పొద్దుగాల సంది, జోరుగ!"

తల ఎత్తలేదు. "మంచిదే గద. అయితే ట్యాంకర్ వద్దని చెప్త" అని ఒక వేలితో మెసేజ్ పెట్టి, అదే వేలితో మళ్లీ డాన్సులోకి పోయాడు.

భోజనాల వేళకి ఏ అంతస్తులోనూ చుక్క నీరు లేదు. అంతంత చదువులు చదివినవాళ్లు కుడిచేతికి పప్పన్నం అంటించుకుని కుళాయిల ముందు వరస కట్టారు. ఎడమచేతిలో ఫోన్లు.

మేనేజరు నన్నూ, సూపర్‌వైజరునూ, నాకు ఆ మాట చెప్పిన పిల్లనూ కింద తన గదికి పిలిచాడు. "ఈమెనే చెప్పింది సార్" అని సూపర్‌వైజరు తప్పు నా మీదికి తోశాడు.

"నాకు విసుగ్గా ఉందన్నాను సార్. బోర్ అంటే అదీ!" ఆ పిల్ల నవ్వు ఆపుకోలేకపోతోంది.

అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. సిగ్గుకు సిగ్గు, కోపానికి కోపం.

"ఇసుగొస్తే జర అటు ఇటు తిరగాలె గని, లెట్రిన్ల కూసుంటరా బిడ్డా? గా ఫోన్ చూస్తే పోతదా?"

"పోదు ఆంటీ. ఇంకా ఎక్కువవుతుంది."

"మరెందుకు చూస్తవు?"

"ఆపితే బోర్ కొడుతుంది కదా."

నేనూ రోజంతా తలుపు బయట విసుగ్గా నిలబడేదాన్నే. వీళ్లను మనసులో తిట్టుకుంటుంటే నాకు పొద్దు పోయేది. పాపం, ఈ పిల్లకి ఎవరినైనా తిట్టుకునే తీరిక కూడా లేదు.

"సరే, ఈమెను..." అని మేనేజరు మొదలుపెట్టాడు. బల్ల మీద అతని ఫోను గుర్రుమంది. "ఒక్క నిమిషం" అని తీశాడు. వేలితో బొమ్మల్ని పైకి, ఇంకా పైకి తోస్తున్నాడు. ఏదో చూసి నవ్వాడు. కాసేపటికి సూపర్‌వైజరు జేబులోంచి తనదీ తీశాడు. పిల్ల చేతిలో ఎలాగూ ఉంది. "ఈమెను" తర్వాతి మాట కోసం నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఎంతకీ రాలేదు. దండం పెట్టినా ఎవరూ చూడలేదు. మెల్లగా తలుపు తీసుకుని పైకి పోయి పనిలో పడ్డాను.

రెండేళ్లయింది. నన్ను తీసేయాలన్న సంగతి ఇంకా ఎవరికీ గుర్తు రాలేదు.